పొగమంచులో ఒక థింసా వరుస

2023 డిసెంబరు. అరకు లోయలో చలి ముదిరి, తెల్లవారుజామున కొండలన్నీ పొగమంచులో మునిగిపోయే రోజులు. అక్కడి ఒక బాలికల రెసిడెన్షియల్ స్కూల్లో నేను చాలా ఏళ్ళుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. విశాఖ, విజయనగరం, బొబ్బిలి వైపు కలిగిన కుటుంబాలు తమ ఆడపిల్లలను ఇందులో చేర్పించడం గొప్పగా భావిస్తాయి. ప్రవేశ పరీక్షలో నెగ్గిన కొద్దిమంది ఏజెన్సీ బాలికలకు ఉచిత సీట్లు ఉంటాయి. ఆ సీటుకు ఒక షరతు ఉంది. ప్రవర్తన మీద ఫిర్యాదు రుజువైతే సీటు రద్దవుతుంది. ఫీజు కట్టే పిల్ల అదే తప్పు చేస్తే హెచ్చరికతో సరిపెడతారు.

రుజువు లేని మాటను నమ్మకపోవడం నాకు చదువు అంటించిన జబ్బని మా స్టాఫ్ రూములో అంటూ ఉంటారు. తేనెలో కల్తీని అగ్గిపుల్లతో తేల్చవచ్చని ఒకరన్నారని, నాలుగు రకాల తేనె తెప్పించి, ఆ పరీక్షే నమ్మదగినది కాదని తేల్చేదాకా నేను ఊరుకోలేదు. అందువల్ల స్కూల్లో ఏ వివాదం తలెత్తినా, “ఆవిడకి అప్పగించండి, దేవుడొచ్చినా సాక్ష్యం అడుగుతుంది” అని మా ప్రిన్సిపాల్ నా వైపు చూపించేవారు. నేను చెప్పబోయేది అలా నా చేతికి వచ్చిన ఒక కేసు గురించే.

తల్లిదండ్రుల సమావేశంలో ‘విద్యార్థినుల జీవనం, బహిరంగ ప్రదేశాల్లో ప్రవర్తన’ అన్న అంశం ప్రతి ఏడాదీ ఉంటుంది. మామూలుగా దాని కిందికి వచ్చే ఫిర్యాదులు చిన్నవి. సంతలో నిలబడి బజ్జీలు తిన్నారని ఒకరు, రైలు సొరంగంలోకి దూరినప్పుడల్లా కేకలు పెట్టారని ఒకరు, గోళ్ళరంగు గురించి ఇంకొకరు. ఆ ఏడాది మాత్రం అందరూ ఫోన్లు చేతిలో పట్టుకుని వచ్చారు. ఆ ఫోన్లన్నిటిలోనూ ఒకే వీడియో ఉంది.

అర నిమిషం కూడా లేని వీడియో అది. తెర నిండా తెల్లని మంచు. ఆ మంచులోంచి మెరూన్ స్వెటర్లు వేసుకున్న మా పిల్లలు బయటికి వస్తారు. మధ్యమధ్యలో ఎవరో కుర్రవాళ్ళు, ఒకరిద్దరు ఆడవాళ్ళు. అందరి చేతులూ ఒకరి వీపు మీదుగా ఒకరికి చుట్టుకుని ఉంటాయి. గొంతెత్తి పాట, పడీపడీ నవ్వు. కింద ఎవరో రాశారు: ‘టాప్ స్కూల్ అమ్మాయిల ఎంజాయ్‌మెంట్’.

తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు గౌరునాయుడు గారు లేచారు. బొబ్బిలి దగ్గర ఆయనకు రైసు మిల్లు ఉంది. ఆయన కూతురు మౌనిక తొమ్మిదో తరగతి. మైకు ముందు ఆయన పుస్తక భాష మాట్లాడతారు, కోపం వస్తే ఇంటి భాషలోకి దిగుతారు. ఆ రోజు మొదటి వాక్యానికే దిగిపోయారు.

“ఏటండీ ఇది? పిల్లల్ని ఇంత దూరం పంపించి సదివిస్తన్నది ఇందుకేనా? తెలీని మగోల్ల నడుముల మీద సేతులేసి, ఆ పాటలేటి, ఆ ఇకిలింపులేటి?”

విశాఖలో పిల్లల వైద్యురాలైన పద్మజ గారు కూర్చున్న చోటి నుంచే అందుకున్నారు. వీడియోలో ఆవిడ కూతురు స్పష్టంగానే కనిపిస్తోంది. “వార్షికోత్సవంలో వీళ్ళు ఇదే థింసా డాన్సు ఆడితే ముందు వరసలో కూర్చుని వీడియో తీసింది మీరే కదండీ. స్టేజి మీద ఆడితే సంస్కృతి, కొండ మీద ఆడితే అల్లరా?”

“స్టేజి మీద మగోల్లు లేరమ్మా.”

“వెనక డప్పు కొట్టిన నలుగురూ ఎవరు మరి?”

సభలో నవ్వులు లేచాయి. గౌరునాయుడు గారికి అవి రుచించలేదు. “నవ్వండి, నవ్వండి. మా మౌనిక అందులో నేదు, అదీ నా అదురుష్టం. మేడ మెట్లెక్కాలంటే గోడ పట్టుకునే గుంట అది. దానికిలాటి ఏషాలు రావు. ఇది మొదలెట్టిన పిల్లెవరో పేరు సెప్పండి. అంతే అడుగుతన్నాను.”

పేరు చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. వీడియోలో వరుస మధ్య, నోరంతా తెరిచి పాడుతూ, అందరికన్నా ముందు కంటపడే ముఖం కమలది. జి.మాడుగుల పైనున్న ఒక కొండ ఊరి పిల్ల, ఉచిత సీటు. వారం రోజుల్లో విచారణ జరిపి నివేదిక ఇమ్మని ప్రిన్సిపాల్ నన్ను ఆదేశించారు. ఫిర్యాదు రుజువైతే కమల ఇంటికి వెళ్ళిపోవాలి. ఆమె పదో తరగతి పరీక్షలకు ఇంకా మూడు నెలలుంది.

విచారణలో నా మొదటి పని అమ్మాయిలను విడివిడిగా పిలిచి అడగడం. ఆ రోజు కొండ మీద మంచులో చిక్కుకున్నవాళ్ళు పద్నాలుగు మంది. ఒకరు చెప్పినది ఇంకొకరు వినకుండా జాగ్రత్త తీసుకున్నాను. వాళ్ళ కథనం ఇది.

సూర్యోదయం చూడడానికి పి.ఇ.టి. టీచరు వాళ్ళను ఒక కొండ ఎక్కించారు. పైన విశాలమైన గడ్డి మైదానం. ఒక పక్క నిట్టనిలువు లోయ. రెండో పక్క రాతి గోడలా నిలిచిన కొండ భుజం. ఆ రాతి మొదట్లోనే జీపు బాట. మేఘాలను చూడడానికి వచ్చిన టూరిస్టులు అప్పటికే మైదానమంతా చెదిరి ఉన్నారు. ఒక అమ్మాయికి వాంతులు కావడంతో టీచరు ఆమెను కింద జీపు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆ వెంటనే మంచు కమ్ముకుంది. చాచిన తమ చెయ్యే తమకు కనిపించలేదు. ఎవరో టార్చి వేశారు. పొగమంచులో టార్చి వేస్తే వెలుగు నీటి బిందువుల మీద పడి మన కళ్ళలోకే తిరిగి వస్తుంది, ఉన్న చూపు కూడా పోతుంది. టూరిస్టులు కంగారుపడి అటూ ఇటూ నడవసాగారు. లోయ వైపు నుంచి ఒక స్త్రీ ఏడుపు వినిపించింది. అప్పుడు అమ్మాయిలు థింసా పట్టు పట్టి వరుసగా నిలబడి, పాడుతూ మైదానాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఊడ్చినట్టుగా కదిలారు. దారిలో తగిలిన ప్రతి మనిషినీ వరుసలో కలుపుకున్నారు. అందరూ జీపు బాట చేరాక మంచు పలచబడింది.

పద్నాలుగు మందీ ఇదే చెప్పారు. సరిగ్గా అదే నా అనుమానాన్ని పెంచింది. పిల్లలు ఒక మాట మీద నిలబడదలచుకుంటే ఎంత గట్టిగా నిలబడగలరో ఏ ఉపాధ్యాయుడికైనా తెలుసు. సైన్సులో నల్ హైపాథసిస్ అని ఒకటి ఉంది. విశేషమేమీ జరగలేదన్న ఊహతో మొదలుపెట్టి, అది నిలవదని రుజువైతేనే విశేషాన్ని ఒప్పుకోవడం. నా ఊహ ఇలా ఉంది: మంచు దానంతట అదే పలచబడింది, జనం ఎవరి దారిన వాళ్ళు దిగారు, పిల్లలు ఆటగా పాడుకుంటూ దిగారు.

వీడియో తీసిన కుర్రవాడి నంబరు దొరకబుచ్చుకుని ఫోన్ చేశాను. విశాఖలో చదువుకుంటున్నాడు. “మేడమ్, ఆ క్యాప్షన్ నేను పెట్టలేదు, ఫ్రెండుకి పంపితే వాడు పెట్టాడు. వీడియో తీసింది బాట మీదికి వచ్చాక. అంతకుముందు ఎవడి చేతిలోనూ ఫోన్ లేదు మేడమ్, అందరం ఏడుస్తున్నాం” అన్నాడు. ఈ మాట గౌరునాయుడు గారికి చెప్పాను. “మగపిల్లాడు అలాక్కాక ఇంకెలా సెప్తాడు?” అన్నారు. ఈ సాక్ష్యానికి నేను కట్టిన విలువా అంతకు మించినది కాదు.

చివరగా కమలను మళ్ళీ పిలిచాను. ఆ రోజే ఆమె తల్లి బుద్రి కొండ దిగి వచ్చింది. కాఫీ పళ్ళు కోసే రోజులు. ఆమె వేళ్ళు పళ్ళ రసంతో నల్లబడి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చుంది గాని వెనక్కి ఆనుకోలేదు.

“మా గుంట తప్పు సేత్తే ఇప్పుడే తీసుకెల్లిపోతాను. సెయ్యకపోతే ఎందుకు తీసుకెల్లాల?” అని అడిగింది.

“అదే తేల్చుకుంటున్నానమ్మా” అని కమల వైపు తిరిగాను. “లోయ ఎటుందో, బాట ఎటుందో నీకెలా తెలిసింది?”

“ఇనిపించింది మేడమ్. లోయ పక్క కేకేత్తే గొంతు పోతాది, మరి తిరిగి రాదు. రాతి పక్క కేకేత్తే తిరిగొత్తాది.”

నా చేతికి ఒక పట్టు దొరికింది. ఇది పరీక్షించదగిన మాట. ధ్వని గట్టి తలానికి తగిలి తిరిగి రావడం పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయితే ఒక పదిహేనేళ్ళ పిల్ల, కంగారులో, అంతమంది అరుపుల మధ్య, దానితో దారి వెతకగలదా?

మరుసటి ఆదివారం తల్లిదండ్రులను మళ్ళీ రమ్మన్నాము. పరీక్షకు స్కూలు వెనకనున్న గడ్డి వాలును ఎంచుకున్నాను. దానికి ఒక పక్క మూడంతస్తుల హాస్టల్ గోడ ఉంది, రాతి కొండకు బదులు అది సరిపోతుంది. రెండో పక్క గడ్డి నేల దిగువకు వంగి, వంగి, ఒక మోకాలి లోతు కందకం దగ్గర ఆగిపోతుంది. అది మా లోయ. పడినా దెబ్బ తగలకుండా అందులో ఎండుగడ్డి పరిపించాను. నల్లగుడ్డ పట్టీలు కుట్టించి, ముందు నా కళ్ళకే కట్టుకుని, వెలుగు చొరబడడం లేదని రూఢి చేసుకున్నాను.

మొదట కమల ఒక్కతే. కళ్ళకు గంతలు కట్టి, దిక్కు తెలియకుండా ఆమెను నాలుగు చుట్లు తిప్పి వదిలాను. గోడ వైపు వెళ్ళమన్నాను. ఆమె ఒక కేక వేసి, తల వంచి విని, నిదానంగా నడిచి, నేరుగా కందకంలోకి దిగింది. మళ్ళీ తిప్పి వదిలాను. మళ్ళీ కందకమే. మూడోసారి గోడకూ కందకానికీ సమాంతరంగా నడిచి వంటశాల దాకా వెళ్ళిపోయింది.

“కూరకాడికి బాగానే ఎల్లింది” అని వెనక ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

గంతలు విప్పుకున్నాక కమల కళ్ళలో నీళ్ళున్నాయి. “ఆ రోజు ఇనిపించింది మేడమ్. ఒట్టు.”

గౌరునాయుడు గారు అరవలేదు. మెత్తగానే అన్నారు: “సూసారు కదా మేడమ్. ఇంకేటుంది తేల్చడానికి?”

నిజానికి ఏమీ లేదు. ఒక వాదన వచ్చింది, పరీక్షించాను, వీగిపోయింది. బుద్రి కూతురి దగ్గరికి వెళ్ళి, ఆమె పరికిణీకి అంటిన ఎండుగడ్డి దులపసాగింది. అప్పుడు కమల తల్లి చేతుల్లోంచే నా వైపు తిరిగి అంది: “ఒక్కదాన్నే అయితే నాకూ తెలదు మేడమ్. అందరం ఉండాల.”

నివేదిక న్యాయంగా ఉండాలంటే ఈ మాటను కూడా పరీక్షించాలి. అయితే వరుస నిజంగా పనిచేసినా, అది వరుస వల్లనా, కేవలం పదిమంది చేతులు పట్టుకోవడం వల్లనా అన్నది వేరుచేసి చూడాలి. అలా పోల్చడానికి పెట్టుకునే రెండో జట్టును కంట్రోల్ అంటాము. కంట్రోల్ జట్టుగా తల్లిదండ్రులనే రమ్మన్నాను. పద్నాలుగు మంది పెద్దవాళ్ళు గంతలు కట్టుకుని చేయీ చేయీ పట్టుకున్నారు. జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సభ్యమైన భాష సరిగ్గా దొరకదు.

“ఇటండీ, ఇటు!”

“ఇటంటే ఎటండీ, ఎవరి ఇటు?”

“నా చెయ్యి వదిలిందెవరు?”

“మీరే కదండీ ముందు లాగింది!”

గొలుసు మూడు ముక్కలైంది. ఒక ముక్క కందకంలో కూర్చుంది. ఇంకొకటి బట్టలారేసే తీగల్లో చిక్కుకుంది. మూడో ముక్క మొదలుపెట్టిన చోటే గుండ్రంగా తిరుగుతూ, గోడకు చేరువవుతున్నామని గట్టిగా నమ్మింది. పద్మజ గారు గడ్డిలో కూర్చుని నవ్వలేక కళ్ళు తుడుచుకున్నారు.

తరువాత అమ్మాయిలు.

“ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా అలాగే నిలబడండి” అన్నాను. కమల మధ్యకు వెళ్ళింది. మిగిలినవాళ్ళు ఆమెకు అటూ ఇటూ చేరారు. థింసా పట్టు చేతులు కలపడం కాదని నేను అప్పుడు దగ్గరగా చూశాను. ప్రతి ఒక్కరి చెయ్యీ పక్క మనిషి వీపు వెనక నుంచి పోయి, ఆ అవతలి మనిషి చేతిని అందుకుంటుంది. ఒకరి చెయ్యి జారినా వరుస తెగదు, మధ్యలో ఉన్నవాళ్ళను ఇద్దరి చేతులు కావలించుకుని ఉంటాయి. పెద్దల సభలో అసభ్యమనిపించిన పట్టు అదే.

కందకం వైపు చివరి స్థానం ఖాళీగా ఉంది. కళ్ళద్దాలు తీసి నాకు ఇచ్చి, మౌనిక వెళ్ళి అక్కడ నిలబడింది.

గౌరునాయుడు గారు ఒక అడుగు ముందుకు వేశారు. “ఏయ్, నువ్వెక్కడికే?”

“నా చోటు ఇదే నాన్నా.”

“ఆ రోజు నువ్వు నేవు కదా అందులో!”

“వీడియోలో లేను. చివర కదా, ఫోన్లో పట్టలేదు.”

ఆయన నా వైపు చూశారు. మౌనిక కొండ మీద ఉందని విచారణలో నాకు తెలిసింది, నివేదికకు ముందు ఎవరి పేరూ బయటపెట్టలేదు; కాని లోయ వైపు చివర ఎవరున్నారని నేను అమ్మాయిలను అడగలేదు. మొదలుపెట్టినదెవరన్న ఒక్క ప్రశ్న మీదే విచారణ నడిచింది.

“ఆ లోయ పక్కన నా కూతుర్ని నిలబెట్టారా?” అన్నారాయన. ఇందాకటి మెత్తదనం పోయింది. “ఎవరే నిలబెట్టింది? ఆ కమలేనా?” ఆ క్షణంలో కమల సీటు పోయినట్టే అనుకున్నాను. ఆయన కళ్ళలో ఉన్నది కోపం కాదు, భయం. భయపడిన తండ్రికి సాక్ష్యంతో పని లేదు.

అయినా పరీక్ష ఆపలేదు. దారి తప్పిన టూరిస్టులుగా నిలబడడానికి కొందరు కావాలన్నాను. “నానుంటాను” అని ఆయనే ముందుకు వచ్చి, పట్టీ నా చేతిలోంచి దాదాపు లాక్కున్నారు. ఆయనను తిప్పి, కందకానికి మూడడుగుల దూరంలో, దాని వైపే ముఖం ఉండేలా వదిలాను. మరి నలుగురిని వాలు మీద తలొక చోట నిలబెట్టాను.

అమ్మాయిలందరికీ గంతలు కట్టాక పాట మొదలైంది. పద్నాలుగు కుడి పాదాలు ఒకేసారి నేలను తాకాయి, ఆ వెంట ఎడమ పాదాలు. వరుస కందకం వైపు పక్కవాటుగా జరగసాగింది. మౌనిక ప్రతి అడుగుకూ ముందు బొటనవేలితో నేలను తడుముతోంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. కందకానికి జానెడు దూరంలో ఆమె పాదం వాలును పసిగట్టి ఆగింది. ఆమె నోరు తెరవలేదు. మెడ కూడా తిప్పలేదు. అయినా ఆ ఆగడం ఆమె నుంచి పక్కమ్మాయికి, అక్కడి నుంచి ఆ పక్కకు, చివరి అమ్మాయి దాకా పాకింది. గాలి వీచినప్పుడు వరిచేలో కదలిక పాకినట్టు, కళ్ళకు కనిపించేలా పాకింది. ఒక్క ఊపిరిలో వరుసంతా నిలిచింది. పాట ఆగలేదు. మౌనికను ఇరుసుగా చేసుకుని మిగిలిన వరుస చక్రంలా తిరగడం మొదలుపెట్టింది.

గౌరునాయుడు గారు అప్పటికే తడబడుతూ అంచుకు చేరారు. ఆయన ఎడమ కాలు గాలిలోకి లేచింది. ఆ కాలు కింద పెట్టకముందే ఒక చెయ్యి ఆయన నడుము చుట్టూ పడింది, రెండో పక్క నుంచి ఇంకొక చెయ్యి ఆయన వీపును అందుకుంది. అంచు నుంచి ఆయనను లోపలి వైపుకు తిప్పి, మౌనిక తాను మళ్ళీ బయటి వైపే నిలిచింది. ఆయన కాళ్ళు రెండు అడుగులు తడబడి, మూడో అడుగుకు పాటలో పడ్డాయి. వరుస మిగిలిన నలుగురినీ అలాగే ఏరుకుని హాస్టల్ గోడను తాకింది. మళ్ళీ చేయించాను. మనుషుల చోట్లు మార్చి ఇంకొకసారి చేయించాను. ఒక్కరు కూడా కందకంలో పడలేదు.

ఆ తరువాత గంతలు నేనే కట్టుకున్నాను. బయటి నుంచి చూసినది లోపల ఏమిటో తెలుసుకోకుండా నేను నివేదిక రాయలేను. చీకట్లో కాసేపు నేను దారి తప్పిన మనిషినే. అంతలో వరుస వచ్చి నన్ను తనలోకి తీసుకుంది. మొదట తోచింది బరువు. రెండు పక్కల నుంచీ మనుషుల వెచ్చదనం. నాలుగైదు అడుగుల తరువాత నా ఎడమ మోచేతి లోపల ఒక సన్నని లాగుడు తెలిసింది. ఎవరో నన్ను లాగడం లేదు. ఎడమ పక్క ఎక్కడో, నాకు తెలియని ఒక పాదం కింద నేల దిగువకు వంగింది. ఆ వంపు నా చేతిలోకి వచ్చింది. అంతలోనే కుడి వీపు మీద మరో ఒత్తిడి. అటు నేల ఎగువకు లేస్తోంది. వాలు మొత్తం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నా ఒంటి మీద పరుచుకున్నట్టయింది. నేల ఏటవాలును మేము గ్రేడియంట్ అంటాము, ఏటా నల్లబల్ల మీద గీత గీసి చూపిస్తాను. దాన్ని భుజాలతో చదవవచ్చని నాకు అంతవరకు తెలియదు. నాకు దారి చెబుతున్నది కమల కాదు, మరే ఒక్కరూ కాదు. చెబుతున్నది ఎవరో వెతికితే అక్కడ మనుషులు కాక మనుషుల మధ్యనున్న పట్టు మాత్రమే ఉంది. నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలి వల్ల అయి ఉండవచ్చు, కాదనడానికి నా దగ్గర కంట్రోల్ లేదు.

నేను గంతలు విప్పేసరికి గౌరునాయుడు గారు కూతురి ముందు నిలబడి ఉన్నారు.

“భయమెయ్యలేదేటే నీకు?”

“ఏసింది నాన్నా. ఆ రోజు చాలా ఏసింది.”

“మరెందుకు నిలబడ్డావే అక్కడ?”

“భయమేత్తాదనే నన్ను అక్కడ పెట్టారు.”

ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. కమల అందుకుంది: “మంచు పట్టినప్పుడు కాపీ తోటకెల్లాలంటే మా ఊర్లో భయమున్న మనిషినే అంచు పక్క ఉంచుతారు బాబూ. దైర్నమున్నోలు అడుగేసేత్తారు. భయమున్నోలు ముందు తడిమి సూత్తారు. మాలో అందరికన్నా ఎక్కువ భయం మౌనికకే. నానడిగితే, సరే అని వచ్చింది.”

గౌరునాయుడు గారు నా చేతిలోని కళ్ళద్దాలు తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, కూతురి ముఖానికి ఆయనే పెట్టారు. తరువాత గొంతు తగ్గించి అన్నారు: “మీ అమ్మకి సెప్పకు.”

ఆ మధ్యాహ్నం సమావేశం మళ్ళీ మొదలైంది. నా నివేదిక చదివాను. ధ్వనితో దారి తెలిసిందన్న మాట పరీక్షలో నిలవలేదు. పొగమంచులో వరుసగా కదిలి మనుషులను సురక్షితంగా తీసుకురావడం సాధ్యమన్న మాట నిలిచింది. ఆ రోజు కొండ మీద అలాగే జరిగిందని నేను ప్రమాణం చేయలేను, నేనక్కడ లేను. కాని జరగలేదనడానికి నా దగ్గర కారణం మిగలలేదు. ఆ పట్టు లేకుండా ఆ పని జరగదు. ఇంతే చదివి కూర్చున్నాను.

“అదంతా సరేనండీ. వీడియో బయట తిరుగుతూనే ఉంది కదా, జనం ఏమనుకుంటారు? ఆ నవ్వులూ అవీ...” అని వెనక నుంచి ఒక తండ్రి అన్నారు.

గౌరునాయుడు గారు లేచారు. మైకు తీసుకోలేదు. “ఫిర్యాదు నాది. నానే ఎనక్కి తీసుకుంటన్నాను. బతికొచ్చినోల్లు నవ్వరేటండీ?”

పద్మజ గారు, టీచరు తోడు లేకుండా పిల్లలను ఎక్కడా ఒంటరిగా వదలకూడదని పట్టుబట్టారు. అది న్యాయమైన మాట, ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. అంతటితో ఆగక గౌరునాయుడు గారు, ఒకే తప్పుకు ఒక పిల్లకు హెచ్చరిక, ఇంకొక పిల్లకు సీటు రద్దు ఏ న్యాయమని అడిగారు. ఆ షరతు ఆ ఏడాదే పోయింది. కమల మార్చిలో పరీక్షలు మా హాస్టల్ నుంచే రాసింది.

వెళ్ళే ముందు బుద్రి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది. “అయితే మేడమ్, మా గుంట ఇనిపించింది అన్నాది కదా. అది అబద్దమేనా?”

“అబద్ధం కాదమ్మా. పొరపాటు. ఆ తెలివి చేతుల్లోంచి వచ్చింది, తను చెవిలోంచి వచ్చిందనుకుంది.”

బుద్రి హాయిగా నవ్వింది. “సెవితో ఇంటే ఏటి, సేత్తో ఇంటే ఏటి? ఇన్నాది కదా” అని, జీపు వెళ్ళిపోతుందని బేగి బేగి నడుస్తూ సాగిపోయింది.

ఈ కేసు నాకు నేర్పినది నా పనికి సంబంధించిన విషయమే. ఒక మాటను పరీక్షించాలంటే దాన్ని చెప్పిన మనిషిని విడదీసి నిలబెట్టాలని నేను అనుకునేదాన్ని. కొన్ని సామర్థ్యాలు విడదీసిన మరుక్షణం మాయమవుతాయి; అవి ఏ ఒక్కరిలోనూ ఉండవు, వెతికితే దొరకవు, అయినా ఉంటాయి. మా ప్రయోగశాలలో అతి సున్నితమైన పరికరాన్ని మేము అద్దాల బీరువాలో దాచిపెడతాము. ఆ పిల్లలు తమలోని అతి సున్నితమైనదాన్ని, దానినే అడిగి ఒప్పించి, లోయ అంచున నిలబెట్టుకున్నారు.

ఒక ఆగడం ఒక పాదం నుంచి పద్నాలుగో మనిషి దాకా ఎంత వేగంతో పాకుతుందో కొలవాలని తరువాత చాలాసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ స్టాప్‌వాచి మీద నా వేలు కదిలేలోపే వరుసంతా ఆగిపోయి ఉంటుంది. మాట లేకుండా, చూపు లేకుండా అంత తొందరగా అది ఎలా చేరుతుందని పిల్లలు అడిగితే, తెలియదని చెబుతాను. క్లాసులో ఆ మాట నేను తరచుగా అనను. అన్న రోజు మాత్రం పుస్తకం మూసి, లేచి నిలబడి అంటాను.